చార్జి మెమో అందిన టీచరు ఏం చేయాలి, యూనియన్ ఎక్కడ ఉపయోగపడుతుంది

ప్రభుత్వ టీచరు ఉద్యోగం ఎవరూ తీయలేరని ఊళ్ళో అనుకుంటారు. తీయగలరు. కాకపోతే తీసే ముందు అధికారులు కొన్ని మెట్లు ఎక్కితీరాలి. అభియోగాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి (దీన్నే చార్జి మెమో అంటారు), సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి, విచారణ నివేదిక కాపీ చేతికివ్వాలి. ఆ తర్వాతే శిక్ష. రాజ్యాంగం 311వ అధికరణం చెప్పేది ఇదే. నియమించిన అధికారికన్నా కిందివాడు ఉద్యోగం నుంచి తీసేయకూడదు, ఆరోపణలు చెప్పి జవాబిచ్చుకునే అవకాశం ఇవ్వకుండా మామూలుగా ఎవరూ తీసేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ మెట్లన్నీ 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) రూల్స్‌లో ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక కూడా రూల్ నంబర్లు రెండుచోట్లా అవే. జిల్లా పరిషత్, మండల పరిషత్ బడుల టీచర్లకూ ఇవే రూల్స్.

అయితే ఈ రక్షణ దానంతట అది పనిచేయదు. గడువులోగా కాగితం మీద జవాబిచ్చిన వాళ్ళకే అది అక్కరకొస్తుంది. తప్పు చేయని టీచర్లు చాలామంది నష్టపోయేది విచారణలో ఓడిపోయి కాదు. మెమో అందగానే భయపడి రాసిన రెండు లైన్ల క్షమాపణ వల్లా, జవాబివ్వకుండా దాటేసిన గడువు వల్లా నష్టపోతారు. అందుకే మొదటి పది రోజుల గురించి ఇక్కడ ఎక్కువ చెబుతున్నాం.

ముందు అది ఏ కాగితమో చూడండి

డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చే ప్రతి కాగితమూ చార్జి మెమో కాదు. ఎంఈవో (మండల విద్యాధికారి) తనిఖీకి వచ్చి వెళ్ళాక ఇచ్చే మెమోలో "ఎందుకు రాలేదో మూడు రోజుల్లో చెప్పండి" అని ఉంటే అది సంజాయిషీ కోరడం మాత్రమే. షోకాజ్ నోటీసు దానికన్నా ఒక మెట్టు పైది. అసలు చార్జి మెమోలో సీసీఏ రూల్స్ ప్రస్తావన ఉంటుంది. అక్కడ రూల్ 20 అని ఉందా, రూల్ 22 అని ఉందా చూసుకోండి. మీరు ఏ దారిలో నడవాలో ఆ అంకె చెబుతుంది.

రూల్ 22 చిన్న శిక్షల దారి. సెన్షూర్ (రాతపూర్వక మందలింపు), ప్రమోషన్ ఆపడం, ప్రభుత్వానికి జరిగిన నష్టాన్ని జీతంలోంచి రాబట్టడం, క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా, అంటే కొంతకాలానికే, ఇంక్రిమెంటు ఆపడం ఇందులోకి వస్తాయి. సంజాయిషీ తీసుకుని, దాన్ని పరిశీలించి శిక్ష వేయవచ్చు. పూర్తిస్థాయి విచారణ తప్పనిసరి కాదు.

రూల్ 20 పెద్ద శిక్షల దారి. క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఇంక్రిమెంటు ఆపడం, జీతంలోనో హోదాలోనో కిందికి దించడం, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, డిస్మిస్ ఇందులో ఉంటాయి. తొలగించినవారు మళ్ళీ ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నించుకోవచ్చు. డిస్మిస్ అయినవారికి మామూలుగా ఆ దారి మూసుకుపోతుంది.

ఈ రెండింటి మధ్య ఒక గుంట ఉంది. రూల్ 22 కింద మెమో ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, చివరికి ఉత్తర్వులో "ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపడమైనది" అని రాసేస్తుంటారు. ఒక్క ఇంక్రిమెంటే కదా అని టీచరు ఊరుకుంటాడు. ఆ ఇంక్రిమెంటు రిటైరయ్యేదాకా తిరిగి రాదు. ఏటా జీతంలో, దానిమీద డీఏలో, చివరికి పెన్షన్‌లో కూడా తగ్గుతూనే ఉంటుంది. ఇది పెద్ద శిక్షేననీ, విచారణ లేకుండా వేయడానికి వీల్లేదనీ సుప్రీంకోర్టు కుల్వంత్ సింగ్ గిల్ కేసులో 1990లోనే చెప్పింది. అప్పీలులో నిలిచే అంశాల్లో దీన్ని మించింది అరుదు. కాబట్టి ఉత్తర్వులో "క్యుములేటివ్" అనే మాట ఉందేమో వెతకండి.

తీసుకోనని అనవద్దు

మెమో తీసుకోకపోతే కేసు ఆగిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఆగదు. ఇంటి తలుపుకు అంటించి, సాక్షుల సంతకాలు తీసుకుని, అందినట్టే లెక్కేస్తారు. ఆపై విచారణ మీరు లేకుండానే జరిగిపోతుంది. కాగితం తీసుకోండి. ఆఫీసు కాపీ మీద "అందినది" అని రాసి తేదీ, సమయం వేసి సంతకం చేయండి. అంతకు మించి ఒక్క మాట కూడా రాయకండి. తపాలాలో వస్తే కవరు పారేయకండి. దాని మీది పోస్టాఫీసు ముద్ర మీ గడువుకు సాక్ష్యం.

రూల్ 20 మెమోకు నాలుగు అనుబంధాలు ఉండాలి. మొదటిది అభియోగాలు. రెండోది ఒక్కో అభియోగానికి ఆధారమైన వివరాలు, అంటే ఏ తేదీన ఎక్కడ ఏం జరిగిందో. మూడోది పత్రాల జాబితా, నాలుగోది సాక్షుల జాబితా. రెండో అనుబంధంలో తేదీలు లేకుండా "తరచూ గైర్హాజరవుతున్నారు", "ప్రవర్తన బాగాలేదు" అని ఉంటే అది అస్పష్టమైన అభియోగం. దానికి ఊహించి జవాబు రాయవద్దు. ఏ తేదీలు, ఏ ప్రవర్తన అని అడుగుతూ ఉత్తరం పెట్టండి. జాబితాలోని పత్రాల కాపీలు కూడా అదే ఉత్తరంలో అడగండి. ముఖ్యంగా అడగవలసింది ప్రాథమిక విచారణ నివేదిక, అప్పుడు తీసుకున్న వాంగ్మూలాలు. వాటిమీదే చార్జి మెమో నిలబడి ఉంటుంది.

జవాబుకు మెమోలో సాధారణంగా పది రోజులు ఇస్తారు. కాపీలు రాకుండానే ఆ గడువు దగ్గరపడితే, కాపీలు అందాక పూర్తి జవాబు ఇస్తామనీ, అప్పటిదాకా అభియోగాలను నిరాకరిస్తున్నామనీ గడువు లోపలే రాసివ్వండి. మౌనంగా ఉంటే "జవాబు ఇవ్వలేదు" అని ఫైల్లో ఎక్కుతుంది. ఆ మాట చివరిదాకా వెంటాడుతుంది.

ఈలోగా బడిలోని రికార్డు కాపీలు దగ్గర పెట్టుకోండి. హాజరు పట్టీలో ఆ నెల పేజీ, ఫేస్ రికగ్నిషన్ యాప్‌లో హాజరు స్క్రీన్‌షాట్లు, విజిటర్స్ బుక్‌లో ఎంఈవో రాసినది, పాఠ్య ప్రణాళిక, సెలవు చీటీ కాపీ, వేరే పని మీద పంపిన ఉత్తర్వు కావాలి. మధ్యాహ్న భోజనం లెక్కల కేసైతే ఏజెన్సీ బిల్లులు, బియ్యం స్టాకు రిజిస్టరు కూడా చూసుకోండి. హెడ్మాస్టరు ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. అసలు రిజిస్టరు మాత్రం ఇంటికి తీసుకెళ్ళవద్దు. అదే ఇంకో అభియోగం అవుతుంది. పాత తేదీలతో సెలవు చీటీ పుట్టించడమైతే అసలు కేసుకన్నా పెద్ద నేరం.

జవాబు ఎలా రాయాలి

సగం కేసులు చెడేది ఇక్కడే. "ఈ ఒక్కసారికి క్షమించండి, ఇకముందు ఇలా జరగదు" అని రాస్తే ఆఫీసు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటుంది. ఒప్పుకున్న అభియోగానికి సాక్షులను పిలిచి విచారించాల్సిన పని లేదు. నేరుగా శిక్ష వేయవచ్చు. "తప్పు జరిగి ఉంటే మన్నించండి" అన్నా అదే ఫలితం. నిజంగా తప్పు జరిగితే దాన్ని ఒప్పుకోవడం మంచిదే, శిక్ష తగ్గే అవకాశమూ ఉంది. కానీ ఏది ఒప్పుకుంటున్నారో, ఏది ఒప్పుకోవడం లేదో విడదీసి రాయాలి.

అభియోగం వారీగా రాయండి. ఒక్కోదానికి ఒప్పుకోలో నిరాకరణో మొదటి వాక్యంలోనే రావాలి, కారణం రెండో వాక్యంలో, ఆధార పత్రం మూడో వాక్యంలో. నమూనా ఇలా ఉంటుంది: "1వ అభియోగాన్ని నిరాకరిస్తున్నాను. ఆ రోజు ఉదయం మండల వనరుల కేంద్రంలో శిక్షణకు హాజరయ్యాను. హాజరు పట్టీ నకలు జతపరిచాను. 2వ అభియోగంలోని ఆలస్యం నిజమే. బస్సు ఆగిపోవడం వల్ల నలభై నిమిషాలు ఆలస్యమైంది, ఆ విషయం హెడ్మాస్టరుకు ఫోనులో తెలియజేశాను. 3వ అభియోగాన్ని నిరాకరిస్తున్నాను. నోటి విచారణ కోరుతున్నాను, సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను." చివరి వాక్యం మరవకండి.

హెడ్మాస్టరు మీద, సహ టీచర్ల మీద ఎదురు ఆరోపణలు ఇందులో గుప్పించవద్దు. వాళ్ళు రేపు సాక్షులుగా రావచ్చు, మీ తరఫునే రావచ్చు. ఎమ్మెల్యేతోనో ఇంకెవరితోనో ఆఫీసుకు ఫోన్ చేయించడం, సిఫార్సు ఉత్తరం జతచేయడం ఇంకా పెద్ద పొరపాటు. పై ఒత్తిడి తేవడమే ప్రవర్తనా నియమావళి కింద తప్పు.

జవాబును హెడ్మాస్టరు, ఎంఈవో ద్వారా పంపండి. ఒక ముందస్తు ప్రతి నేరుగా డీఈవో ఆఫీసు తపాలా సెక్షన్లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. వెళ్ళలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

సస్పెన్షన్ కూడా వచ్చివుంటే

సస్పెన్షన్ శిక్ష కాదు. రూల్ 8 కింద విచారణకు అడ్డు రాకుండా పక్కన పెట్టడం. 48 గంటలకు మించి పోలీసు కస్టడీలోనో జైల్లోనో ఉంటే ఉత్తర్వుతో సంబంధం లేకుండా సస్పెండైనట్టే లెక్క. ఈ కాలంలో ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 53 ప్రకారం జీవనభృతి ఇవ్వాలి. మొదట అర్ధజీతపు సెలవు జీతంతో సమానంగా ఇచ్చి, తర్వాత సమీక్షలో పెంచనూ వచ్చు, జాప్యం మీ వల్ల జరిగితే తగ్గించనూ వచ్చు. ప్రతి నెలా "వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదు" అని ధ్రువపత్రం ఇస్తేనే బిల్లు పెడతారు. చాలామంది ఈ చిన్న కాగితం ఇవ్వక నెలల తరబడి డబ్బు లేకుండా ఉంటారు. ఉత్తర్వులో చెప్పిన హెడ్ క్వార్టర్స్ దాటి అనుమతి లేకుండా వెళ్ళవద్దు.

జీవనభృతి ఇవ్వకుండా, ఆ ఇబ్బందితో ఉద్యోగి విచారణకు రాలేకపోతే ఆ విచారణ చెల్లదని పాల్ ఆంథోనీ కేసులో (1999) సుప్రీంకోర్టు తేల్చింది. మూడు నెలల్లో చార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగకూడదని అజయ్ కుమార్ చౌదరి కేసులో (2015) చెప్పింది. తొంభై రోజులు దాటిన రోజున ఈ రెండో తీర్పును పేర్కొంటూ తిరిగి విధుల్లోకి తీసుకోవాలని వినతిపత్రం ఇవ్వండి. యూనియన్ జిల్లా శాఖ బలంగా పనిచేయగల చోటు ఇది. ఒక ఫైలు కదలకుండా ఉన్నప్పుడు డీఈవో దగ్గర కూర్చుని అడిగే సంస్థాగత గొంతు ఒంటరి టీచరుకు ఉండదు.

యూనియన్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

యూటీఎఫ్, పీఆర్‌టీయూ, ఎస్‌టీయూ, ఏపీటీఎఫ్, డీటీఎఫ్ లాంటి టీచర్ల సంఘాల్లో ఏదైనా కావచ్చు. సభ్యత్వం కేసు వచ్చాక కాదు, ముందే తీసుకోండి. టీచర్ల ఓట్లతో గెలిచిన ఎమ్మెల్సీలు ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, తెలంగాణలో ముగ్గురు ఉంటారు. విధానాల మార్పుకు, జీవోల సవరణకు ఆ దారి పనికొస్తుంది. ఒక్కరి క్రమశిక్షణ కేసులో మాత్రం అసలు పని మండల, జిల్లా స్థాయిలోనే జరుగుతుంది.

యూనియన్ ఇచ్చే సాయాల్లో అన్నిటికన్నా విలువైనది విచారణలో పక్కన కూర్చునే మనిషి. రూల్ 20 ప్రకారం మీ తరఫున మరో ప్రభుత్వ ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు. వకీలును పెట్టుకోవాలంటే శాఖ తరఫు ప్రెజెంటింగ్ ఆఫీసర్ (విచారణలో శాఖ వాదన వినిపించే అధికారి) న్యాయవాది అయివుండాలి, లేదా అనుమతి దొరకాలి. యూనియన్లలో ఇరవై ముప్పై విచారణలు చూసిన పాత టీచర్లు ఉంటారు. పెద్ద పదవిలో ఉన్నవారికన్నా అలాంటివారిని అడగండి. పేరు రాసివ్వండి, వారి అంగీకార పత్రం జతచేయండి.

అప్పీలు మాత్రం యూనియన్ లెటర్‌హెడ్ మీద చెల్లదు. ప్రతి ఒక్కరూ విడిగా, తమ పేరుతోనే వేసుకోవాలి. ఒకే బడిలో ముగ్గురికి ఒకే శిక్ష పడినా మూడు అప్పీళ్ళు కావాలి. కేసు నడుస్తుండగా టీచర్లంతా బడి మానేసి ధర్నాకు దిగడమూ మేలు చేయదు. సమ్మెను ప్రవర్తనా నియమావళి నిషేధిస్తోంది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని 2003లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు అంది. సాయంత్రం బడి వదిలాక చేసే నిరసన వేరు, పాఠం ఆపి చేసేది వేరు.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లల మీద లైంగిక వేధింపు, ఒళ్ళు హూనమయ్యేలా కొట్టడం లాంటి ఆరోపణల్లో యూనియన్ రాజీ కుదర్చడానికి ఊరికి వెళ్ళకూడదు. పోక్సో చట్టంలో విషయం తెలిసి చెప్పకపోవడమే నేరం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ టీచరుకూ న్యాయమైన విచారణ హక్కు ఉంది, సహాయకుణ్ణి ఇవ్వవచ్చు. బిడ్డ తల్లిదండ్రుల దగ్గరికి మాత్రం ఎవరూ పోకూడదు.

విచారణ గదిలో

విచారణాధికారిగా వచ్చినవారే ముందు ప్రాథమిక విచారణ చేసివుంటే, లేదా ఫిర్యాదులో పాత్ర ఉంటే, మొదటి రోజుకు ముందే మార్చమని రాతగా కోరండి. శిక్ష పడ్డాక ఈ అభ్యంతరం తెస్తే విలువ ఉండదు. విచారణాధికారి శాఖ తరఫు మనిషి కాడనీ, తటస్థంగా తూచవలసినవాడనీ సరోజ్ కుమార్ సిన్హా కేసులో (2010) సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనే ప్రెజెంటింగ్ ఆఫీసర్ పని కూడా చేస్తుంటే ఆ రోజే నమోదు చేయించండి.

ముందు శాఖ సాక్షులు చెప్పాలి, తర్వాతే మీరు. తొలి రోజే మిమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెడితే, క్రమం తప్పిందని మర్యాదగా అభ్యంతరం చెప్పి రాయించండి. పత్రం పెట్టగానే రుజువైపోదు. దాన్ని రాసినవారో తెలిసినవారో వచ్చి చెప్పాలి. ఫిర్యాదు మీద ఇరవై సంతకాలున్నా, ఒక్కరూ వచ్చి చెప్పకపోతే ఆ కాగితం బలం తగ్గిపోతుంది. రూప్ సింగ్ నేగి కేసు (2009) ఈ విషయంలోనిదే.

సాక్షిని అడిగేటప్పుడు చిన్న ప్రశ్నలు వేయండి. "ఆ రోజు మీరు బడికి ఎన్నింటికి వచ్చారు? ఈ ఫిర్యాదు ఎవరి చేతిరాత? సంతకం పెట్టేముందు మీకు చదివి వినిపించారా?" ఇలాంటివి. జవాబు తెలియని ప్రశ్న వేయవద్దు. గ్రామస్థులతో గొంతు పెంచవద్దు. రేపు వాళ్ళ పిల్లలకే మీరు పాఠం చెప్పాలి. రోజు ముగిసేసరికి రాసిన ప్రతి పేజీ చదివి, మీరు చెప్పనిది ఏదైనా ఉంటే పక్కనే సరిదిద్ది, అప్పుడు సంతకం పెట్టి కాపీ తీసుకోండి.

ఇక్కడ కోర్టులోలాగా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు. జరిగివుండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన శాఖ కేసు పోయినట్టు కాదు.

నివేదిక, శిక్ష, అప్పీలు

అభియోగాలు రుజువైనట్టు నివేదిక వస్తే దాని కాపీ మీకివ్వాలి, దానిపై మీ మాట విన్నాకే నిర్ణయం తీసుకోవాలి. ఈ సూత్రాన్ని 1993లో రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరిచింది హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కేసులో, కరుణాకర్ కేసుగా పేరు. సాధారణంగా పదిహేను రోజులు ఇస్తారు. ఇక్కడ పాత జవాబునే మళ్ళీ పంపవద్దు. నివేదికలోని ఏ పేరా, ఏ సాక్షి మాటకు విరుద్ధంగా ఉందో పేజీ నంబరుతో చూపండి.

శిక్ష ఉత్తర్వు అందిన తేదీ నుంచి మూడు నెలల్లో అప్పీలు వేయాలి. డీఈవో ఉత్తర్వుపై సాధారణంగా ప్రాంతీయ సంయుక్త సంచాలకుడికి, అంటే ఆర్‌జేడీకి. క్రమం ఎక్కడ తప్పింది, సాక్ష్యం ఎందుకు చాలదు, శిక్ష తప్పుకు మించి ఎలా ఉంది అనే మూడు విషయాలు విడివిడిగా రాయండి. హైకోర్టు సాక్ష్యాన్ని మళ్ళీ తూచదు. విచారణ పద్ధతినే చూస్తుంది. కాబట్టి వాస్తవాల మీద చివరి గట్టి అవకాశం ఈ అప్పీలే. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్ లేదు, ఆ తర్వాతి దారి నేరుగా హైకోర్టులో రిట్.

అనుమతి లేకుండా విదేశాల్లో ఉండిపోయినవారికి ఒక హెచ్చరిక. ఏడాది దాటి అనధికార గైర్హాజరు ఉంటే రాజీనామా చేసినట్టు పరిగణించే నిబంధన ఉంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి సెలవు పొడిగించకుండా ఆగిపోయిన వాళ్ళకు షోకాజ్ నోటీసు ఊళ్ళోని పాత చిరునామాకే వస్తుంది. దానికి ఎవరూ జవాబివ్వకపోతే కథ అక్కడితో ముగుస్తుంది.

కేసు కొట్టేస్తే సంతోషంగా ఇంటికి వెళ్ళిపోకండి. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా లెక్కించాలని ఎఫ్ఆర్ 54-బి కింద విడిగా ఉత్తర్వు కావాలి. అది లేకపోతే ఆ నెలల జీతం, ఇంక్రిమెంటు తేదీ రెండూ ఆగిపోతాయి. ఆ ఉత్తర్వు వచ్చాక సర్వీసు రిజిస్టరు తెరిపించి, సస్పెన్షన్ ఎంట్రీ పక్కన దాన్ని క్రమబద్ధం చేసిన ఎంట్రీ ఎర్ర సిరాతోనో నల్ల సిరాతోనో ఎక్కిందో లేదో, కింద అధికారి సంతకం పడిందో లేదో చూసి, ఆ పేజీ నకలు తీసుకోండి.